సీసాకు జ్వరం చూసిన కాంపౌండరు

అందరినీ ఒకే మట్టితో చేసిన దేవునికి స్తోత్రం.

అరవైల మొదట్లో, సముద్రానికి దగ్గరగా ఉన్న మా ఊరి సర్కారు ఆసుపత్రిలో నెల్లూరు సాయిబు ఒకాయన కాంపౌండరుగా ఉండేవారు. మందుకు ఎవరి సీసా వాళ్లే తెచ్చుకోవాలి. పెద్ద ఇళ్ల సీసాలను పాలేళ్లు తెల్లవారకముందే వరండాలో వరుసగా పెట్టి వెళ్లేవారు. వాటి యజమానులు కాఫీ తాగి తీరిగ్గా వచ్చేవారు. పట్టపుపాలెం నుంచి ఇసుకలో నడిచి వచ్చే జాలర్లు ఎప్పుడూ చివరనే.

ఒక సోమవారం నాకు చెవిపోటు. వరుసలో నా సీసాయే మొదటిది. ముందురోజే చర్చిలో, దారిలో పడివున్నవాణ్ణి ఆదుకోవాలని వాక్యం చెప్పి చాలామందిని ఏడిపించాను. ఇంతలో పాలెం ఆమె ఒకతె, వాంతులు విరేచనాలతో కళ్లు తేలేసిన బిడ్డను ఎత్తుకుని వచ్చింది. చేతిలో సీసా కూడా లేదు. కాంపౌండరు గారు ఆమెనే లోపలికి పిలిచారు.

"వరసని ఒకటుంది గదా సాయిబూ, నా సీసా ముందుంది," అన్నాను.

ఆయన వంగి, నా సీసా మెడకు చేతిని ఆనించి చూశారు.

"దీనికి జొరం లేదు అయ్యగారా. ఇది ఆగతాది, ఆ బిడ్డ ఆగదు."

వరండా అంతా నవ్వింది. బిడ్డ బతికింది.

కాంపౌండరు వరుస పాటించడం లేదని పెద్ద ఇళ్లవాళ్లు పైవాళ్లకు అర్జీ పెట్టారు. నా దస్తూరీ బాగుంటుందని నాచేతే రాయించారు. ఆయన్ను గూడూరుకు మార్చారు. కొత్తాయన ఏనాడూ వరుస తప్పలేదు. మా సీసాలకు ఎన్నడూ ఆలస్యం కాలేదు.

పరలోకపు గుమ్మం దగ్గర కూడా నా సీసా ముందే ఉందని ఇన్నాళ్లూ నిశ్చింతగా ఉన్నాను. అక్కడ ప్రభువు వరుసను చూడక, చెయ్యి ఆనించి మనిషిని చూడాలని నాతో కలిసి ప్రార్థించండి.