కుళాయికి బజర్ పెట్టిన మొగుడు

బతు బస్తీలో మా కుళాయికి రోజు విడిచి రోజు నీళ్లు వస్తాయి. పొద్దున్న ఐదుకీ ఏడుకీ మధ్య ఎప్పుడైనా రావచ్చు. వస్తే ఇరవై ఐదు నిమిషాలు, అంతే. నేను ఎలక్ట్రానిక్స్ డిప్లొమా చదివినవాణ్ణి. ఈ 'ఎప్పుడైనా' అనే మాట నాకు పడదు. పెళ్లయిన మూడో ఏడు ఒక ఆదివారం కూర్చుని దానికి విరుగుడు తయారుచేశాను. కావలసినవి: తొమ్మిది వోల్టుల బ్యాటరీ, బజర్, కుళాయి మూతిలో రెండు తీగలు. తీగలకు నీళ్లు తగిలితే మోత.

మర్నాడు ఐదూ నలభైకి మోగింది. "నీళ్లొచ్చాయి" అని మంచం మీంచే కేకేశాను. మా ఆవిడ లేచి డ్రమ్ములు నింపింది. మూడుసార్లు పరీక్షించాను, మూడుసార్లూ విజయవంతం.

ఆ రోజుల్లో ఆమె టీచరు పోస్టు పరీక్షకు చదువుతోంది. డెలానీపూర్‌లో పొద్దున్న ఆరింటికి కోచింగ్. ఒక సాయంత్రం ఆమె లెక్కల నోట్సు తిరగేశాను. నిష్పత్తి ఉంది, శాతాలు లేవు. వైశాల్యం ఉంది, ఘనపరిమాణం లేదు.

"మధ్య పాఠాలేవీ?"

"డ్రమ్ముల్లో ఉన్నాయి. నీళ్ల రోజు క్లాసుకి ఎలా వెళ్తాను?"

"బజర్ పెట్టాను కదా."

"బహుత్ బఢియా, చాలా గొప్ప బజరండీ. అది మోగుతుంది, మీరు అరుస్తారు, నేను నింపుతాను. ఇదివరకు నా అంతట నేనే లేచేదాన్ని. ఇప్పుడు లేపడానికి ఇద్దరున్నారు." నోట్సు నా చేతిలోంచి తీసుకుంటూ అంది: "పరీక్షకి ఇంక నెలా పది రోజులే ఉంది. సగం సిలబస్‌తో రాసి ఏం లాభం?"

తర్వాతి నీళ్ల రోజున ఆమె ఐదుంబావుకే బయల్దేరి వెళ్లిపోయింది. బజర్ మోగింది. అలవాటుగా కేకేశాను. ఎవరూ లేవలేదు.

నేను బిందె కోసం వెతుకుతుంటే కుళాయికి తగిలించిన పైపు డ్రమ్ములోంచి జారి వంటింటి నేలంతా కడిగింది. ఫోన్ చేస్తే స్విచాఫ్. తడిసిన లుంగీతో కుళాయి కట్టడానికి పెరట్లోకి పరిగెత్తాను. పక్కింటి పెద్దావిడ గోడ మీంచి చూసింది.

"ఏటి బాబూ, కోడలు ఊర్లో నేదా?"

"కోచింగ్‌కి వెళ్లింది పెద్దమ్మా."

"అరెరే, పాపం. మొగోడివి, పొద్దున్నే నీకెంత కష్టమొచ్చింది."

ఆవిడ మూడేళ్లుగా అదే గోడ మీంచి అదే కుళాయి దగ్గర మా ఆవిణ్ణి చూస్తోంది. ఆ 'పాపం' ఇన్నాళ్లూ ఎక్కడ దాచిందో తెలియదు.

ఎనిమిదిన్నరకు మా ఆవిడ వచ్చి డ్రమ్ములు చూసింది.

"నీలం డ్రమ్ము ముందు నింపారా?"

"అవును."

"దాని అడుగు కారుతుంది. ఎల్లుండి ఆఖర్న నింపండి. మొదటి బకెట్ తుప్పుగా వస్తుంది, అది బాత్రూంకి. ఆనక తాగే నీళ్లు, గుడ్డ కట్టి పట్టాలి. తర్వాత వంటకి. మొదటి బకెట్ తుప్పుగా వస్తుంది, అది బాత్రూంకి."

నేను కాగితం తెచ్చి నంబర్లు వేసుకుంటూ రాశాను. ఏడో అంశం దగ్గర చెయ్యి ఆగింది.

"ఇంకా ఎన్ని ఉన్నాయి?"

"రాయండి" అంది, క్లాసులో అడిగి తెచ్చుకున్న నోట్సులో శాతాల పాఠం తెరుచుకుంటూ. "పరీక్షయ్యేదాకా పనికొస్తుంది. ఆ తర్వాత కూడా."