మల్లేశ్వరి ఆంటీ చూసిన అగ్నిపర్వతం

నాగమల్లేశ్వరి గారు కూరలో ఉప్పు నోట్లో వేసుకుని చూడరు. గిన్నె మీదికి వంగి వాసన చూస్తారు. "చిటికెడు తగ్గిందమ్మా" అంటారు. తగ్గే ఉంటుంది. నైవేద్యం పెట్టకముందు ఎంగిలి చెయ్యకూడదని చిన్నప్పుడు వాళ్ళమ్మ నేర్పిన అలవాటట. ఇక్కడ అమెరికాలో, చాండ్లర్‌లో ఆవిడ వండేది దేవుడికి కాదు, మాలాంటి నాలుగిళ్ళ వాళ్ళకి. అయినా ఆ అలవాటు పోలేదు.

ఆవిడ గురించి చెప్పే అర్హత నాకుందా అంటే, లేదు. కానీ జరిగింది నాకు బాగా తెలుసు. చేసింది మేమే కాబట్టి.

ఆవిడది రేపల్లె దగ్గర. భర్త కల్యాణ మండపాల్లో వంటలు చేసేవారు. ఆయన పోయాక ఆ గరిటె ఈవిడ పట్టుకున్నారు. హెర్న్‌డన్‌లో ఉండే అన్నగారు ఎప్పుడో వేసిన గ్రీన్‌కార్డ్ అప్లికేషన్ పన్నెండేళ్ళకి కదిలింది. యాభై దాటిన వయసులో అమెరికా వచ్చారు. వదినగారితో ఏడాది కూడా పొసగలేదు. "పొయ్యి ఒకటి, గరిటెలు రెండు. ఎలా కుదురుతుందమ్మా?" అని ఆ ఏడాదినంతా ఒక్క ముక్కలో తేల్చేస్తారు. తర్వాత చాండ్లర్‌లో ఒక పురిటింటికి సాయానికి వచ్చి, ఇక్కడే ఒక గది అద్దెకి తీసుకుని ఉండిపోయారు.

కారు నడపడం రాదు. అరిజోనాలో కారు లేనివాళ్ళకి కాళ్ళు లేనట్టే. వండించుకునేవాళ్ళే వచ్చి ఎక్కించుకుని, పనయ్యాక దింపాలి. తొమ్మిదేళ్ళుగా ఆవిడ చూసిన అమెరికా అంతా ఒక వంటింటికీ ఇంకో వంటింటికీ మధ్య, వేరేవాళ్ళ కారు వెనక సీట్లోంచి చూసిందే.

మా ఇళ్ళలో కరెంటు పొయ్యిలంటే ఆవిడకి చిరాకు. "మంట కనపడని పొయ్యి కూడా ఒక పొయ్యేనా? పలకరిస్తే పలకదు, కసిరితే కసరదు" అని గొణుగుతూ వండేవారు. అందుకే, హవాయి వెళ్తున్నామనీ అక్కడ కొండ నోరు తెరిచి నిప్పులు కక్కుతుందనీ నేను చెప్పినప్పుడు ఆవిడ చేతిలో గరిటె ఆగిపోయింది.

"నిజంగా కనిపిస్తుందామ్మా? మన కళ్ళకి?"

"కనిపిస్తుంది ఆంటీ. మీరూ రండి మాతో."

"నేనెందుకమ్మా, వంటకా?"

"ఛ, వంటకేంటి! చూడ్డానికి రండి. మా ఇంటి మనిషిలాగ."

ఈ మాట అన్నది నేను, గిరిజని. ఎవరూ నా నోట్లో పెట్టలేదు. ఆవిడ కొంగుతో చేతులు తుడుచుకుంటూ అన్నారు, "పుట్టి బుద్ధెరిగిన దగ్గర్నుంచీ ఆ అగ్నిదేవుణ్ణి పొయ్యిలోనే చూశాను తల్లీ. ఒక్కసారి ఆయన సొంతింట్లో చూస్తే చాలు." ఆ నెలంతా కనపడ్డవాళ్ళకల్లా చెప్పుకున్నారు. గిరిజమ్మ నన్ను చూడ్డానికి తీసుకెళ్తోంది, వంటక్కాదు అని.

పాస్‌పోర్ట్‌లో వీసా స్టాంప్ పాతబడి, దేశం దాటితే మళ్ళీ రానిస్తారో లేదోనని భయపడే మాలాంటివాళ్ళకి ఫారిన్ ట్రిప్ అంటే హవాయే. మా ఆయన చక్రపాణి కంప్యూటర్ చిప్పుల కంపెనీలో ఇంజినీర్. ఆయనకి ట్రిప్ అంటే ముందు ఎక్సెల్ షీట్. ఆ కొండ ఉన్న బిగ్ ఐలాండ్‌లో ఐదు రోజులు, నలుగురు పడుకునే క్యాంపర్‌వ్యాన్ ఒకటి, రోజుకొక చోటు. ప్రింట్ తీసి మా అందరి చేతుల్లో పెట్టాడు. డ్రైవింగ్ దగ్గర ఆయన పేరు, ఫోటోల దగ్గర మా అమ్మాయి రిషిత పేరు. ఆంటీ పేరు ఒక్క గళ్ళోనే ఉంది, ఫుడ్ దగ్గర. ఐదు రోజులూ. చూశాను. చూసి మడిచి పర్సులో పెట్టుకున్నాను.

మొదటి రెండు రోజులూ ఆవిడ వ్యాన్ వెనక తలుపు ఎత్తి, ఆ జానెడు బల్ల మీద, ఒక్క గ్యాస్ బర్నర్ మీద ఉప్మా, పప్పుచారు, వంకాయ కూర చేశారు. బయట నల్లరాయి, ఎటు చూసినా మాడిన అట్టులా నల్లగా గడ్డకట్టిన నేల, దాని పగుళ్ళలోంచి మొలిచిన ఒకటో రెండో మొక్కలు. మేం దిగి తిరిగొచ్చేసరికి కంచాలు సిద్ధం. "మీరూ రావచ్చుగా ఆంటీ" అని నేను అన్నమాట నిజమే. పొయ్యి మీద పప్పు ఉందని తెలిసే అన్నాను. "నాకు ఆ నిప్పు ఒక్కటి చూపించండమ్మా, ఇవన్నీ మీరు చూడండి" అన్నారు ఆవిడ.

మూడో రోజు పొద్దున్న ఫోన్‌లో వార్త వచ్చింది. కొండ మొదలైంది. నిప్పు ఫౌంటెన్‌లా పైకి లేస్తోందట. ఈ మధ్య అది అలాగే చేస్తోంది. కొన్ని గంటలు ఎగజిమ్మి ఆగిపోతుంది, మళ్ళీ ఎన్ని రోజులకో. మేం ఉన్న సముద్రం ఒడ్డు క్యాంప్ నుంచి అక్కడికి గంట ప్రయాణం. తిని బయల్దేరదామన్నాడు చక్రపాణి. బర్నర్ మీద సాంబారు ఉంది. అన్నానికి చోటు లేదు. సూట్‌కేస్‌లోంచి మా రైస్ కుక్కర్ తీశాడు.

అమెరికాలో ఏ మూలకి పోయినా తెలుగువాడి పెట్టెలో రైస్ కుక్కర్ ఉంటుంది. వ్యాన్ గోడమీద ప్లగ్ పక్కనే, వేడిచేసే వస్తువులేవీ పెట్టకండి అని ఎర్రక్షరాల స్టిక్కర్ కూడా ఉంది.

"బాబూ, ఇంత చిన్న ప్లగ్గు తట్టుకుంటుందా?" అని అడిగారు ఆంటీ.

"ఆంటీ, నేను ఇంజినీర్ని" అన్నాడు. ఆయన పట్టిన కుందేలుకి ఎప్పుడూ మూడే కాళ్ళు. ప్లగ్ ఆయనే పెట్టాడు, స్విచ్ ఆయనే వేశాడు. రెండు నిమిషాల్లో సీటు కింద టప్‌మని శబ్దం, కాలిన వాసన. లైట్లు, ఫ్రిజ్ అన్నీ పోయాయి.

అద్దెకిచ్చిన కంపెనీకి ఫోన్ చేశాడు. వాళ్ళు ఏమైందని అడిగారు. "మా కుక్ రైస్ కుక్కర్ పెట్టేసింది, ఆమెకి తెలీదు" అని ఇంగ్లీషులో చెప్పాడు. ఆంటీకి ఇంగ్లీషు రాదని కాబోలు ఆయన ధైర్యం. కుక్ అన్న మాట అర్థం కావడానికి ఎంత ఇంగ్లీషు కావాలి? ఆవిడ సాంబారు గిన్నె మీద మూత పెట్టారు, అంతే.

"డాడ్, నువ్వే కదా ప్లగ్ చేసావ్?" అంది రిషిత. వాళ్ళ నాన్న చూసిన చూపుకి నోరు మూసుకుంది.

మనిషిని పంపుతాం, మూడింటికీ ఏడింటికీ మధ్య వస్తాడు, అప్పటిదాకా వ్యాన్ స్టార్ట్ చెయ్యొద్దు, ఎవరో ఒకరు దగ్గరుండాలి అని చెప్పారు కంపెనీ వాళ్ళు. పక్కనే టెంట్ వేసుకుని శాంటా క్లారా నుంచి వచ్చిన తెలుగు జంట ఉన్నారు, రాజ్, తార. వాళ్ళది కారు. మా సంగతి విని, "మేం కొండ దగ్గరికే వెళ్తున్నాం, రండి, వెనక ముగ్గురికి చోటుంది" అన్నారు.

ముగ్గురికి. మేం నలుగురం.

ఎవరూ ఎవర్నీ ఏమీ అడగలేదు. అందరం ఊరికే నిలబడ్డాం. ఆ నిలబడటం ఎంతసేపు సాగాలో అంతసేపు సాగాక, "నేనుంటాలెండి" అన్నారు ఆంటీ.

"నా సీట్ ఆంటీకి ఇచ్చేయ్ అమ్మా. నేను ఉంటా" అంది రిషిత.

"పద్నాలుగేళ్ళ పిల్లవి, ఇక్కడ ఒక్కదానివే ఎలా ఉంటావే?"

"దెన్ యు స్టే, అమ్మా."

నేనుండచ్చు. ప్లగ్ పెట్టినాయన అసలే ఉండచ్చు. కానీ నాకూ చూడాలని ఉంది. పదహారేళ్ళుగా ఎక్కడికీ కదలకుండా వీసా కాయితాలు కాపలా కాసినదాన్ని, నాకు మాత్రం ఉండదా అనుకున్నాను. అనుకుని, "రేపు పొద్దున్నే మిమ్మల్ని తీసుకెళ్తాం ఆంటీ, అదెక్కడికి పోతుంది!" అన్నాను. ఏరు దాటేదాకా ఓడ మల్లయ్య, దాటాక బోడి మల్లయ్య అని మా నాయనమ్మ అంటుంటే ఎవరి గురించో అనుకునేదాన్ని.

కొండ దగ్గర ఏం చూశామో చెప్పడానికి నాకు ఇప్పుడు మనసొప్పదు. బాగుంది. చాలా బాగుంది. నేల అదురుతుంటే, అంత దూరంలో ఉన్నా మొహానికి సెగ తగిలింది. నాలుగు కావస్తుండగా నా ఫోన్ మోగింది. ఆంటీ. సాంబారు వేడిచెయ్యాలా, ఇంకేం వండాలి అని అడుగుతారు కాబోలు, ఇప్పుడేంటి ఈవిడ గోల అనుకుని కాల్ కట్ చేసి సైలెంట్‌లో పెట్టేశాను. వీడియో తీస్తున్నాను మరి.

చీకటి పడుతుండగా వెనక్కొచ్చాం. ఆంటీ వ్యాన్ మెట్టు మీద కూర్చుని ఉన్నారు, చేతిలో తాళంచెవి. వ్యాన్‌లో లైట్లు వెలుగుతున్నాయి.

"మూడున్నరకే వచ్చాడమ్మా ఆ అబ్బాయి. ఏదో ఫ్యూజట, పది నిమిషాల్లో మార్చేశాడు. బండి తియ్యచ్చని సైగ చేసి చెప్పాడు. పాపం ఎండన పడి వచ్చాడని పులిహోర పెట్టాను. మీకు చెబుదామని ఫోన్ చేశాను. బాబుగారు వస్తే బండి తీస్తారు, నేనూ చూస్తానని." తాళంచెవి నా చేతిలో పెట్టి అన్నారు, "ఏడుసార్లు చేశాను."

సిగ్నల్ లేదని చెప్పాను. రిషిత నా మొహం వంక చూసి వ్యాన్ ఎక్కి పడుకుంది.

మర్నాడు తెల్లారకముందే బయల్దేరాం. చక్రపాణి కూడా ఆ రోజు ఫలహారం అడగలేదు. ఆంటీ పెట్టె అడుగునుంచి పట్టుచీర తీసి కట్టుకున్నారు, పసుపు రంగుది, నేను ఎప్పుడూ చూడనిది. కొండ అంచుకి వెళ్ళి చూస్తే ఏముంది, నల్లటి గొయ్యి, అడుగున సన్నగా పొగ. రాత్రే ఆగిపోయిందట. మళ్ళీ పది రోజులకో ఇరవై రోజులకో అన్నాడు అక్కడి గార్డు. మా ఫ్లైట్ రేపే. దేవుడు వరమిచ్చాడు, పూజారులం మేం ఇవ్వలేదు.

ఆవిడ చెప్పులు విప్పి, రెండు చేతులూ ఎత్తి దణ్ణం పెట్టారు. "పడుకున్నారమ్మా ఆయన" అన్నారు. తిరిగి వ్యాన్ దాకా వచ్చేటప్పుడు చీర కుచ్చిళ్ళు మాత్రం మసి అంటకుండా ఎత్తి పట్టుకున్నారు. ఏదో ఒకటి చెయ్యాలని ఫోన్ తీసి వీడియో చూపించాను. నలభై సెకన్లు. కళ్ళజోడు పెట్టుకుని చూశారు. మళ్ళీ ఒకసారి పెట్టమన్నారు. మళ్ళీ ఇంకోసారి.

"బాగుందమ్మా" అని ఫోన్ ఇచ్చేసి, పొయ్యి వెలిగించారు.

ఊరికొచ్చిన మూడో వారం మా ఇంట్లో సత్యనారాయణ వ్రతం. పాతికమంది వచ్చారు. వంట ఆంటీదే. కథ అయ్యాక అందరం హాల్లో కూర్చున్నప్పుడు, ఆంటీ చేత వండించుకునే ఇంకో ఇంటావిడ విజయశ్రీ అడిగింది, "మల్లేశ్వరి ఆంటీ, నెల ముందునుంచి ఊరించారుగా, చూశారా మరి మీ అగ్నిదేవుణ్ణి?"

నా చేతిలో ప్రసాదం గిన్నె ఉంది. చక్రపాణి సోఫాలో బిగుసుకుపోయాడు. రిషిత తలెత్తి ఆవిడ వైపు చూసింది.

"చూడకేమమ్మా!" అన్నారు ఆంటీ. "గిరిజమ్మ దగ్గరుండి చూపించింది. అబ్బో, ఎడమ పక్కనుంచి ముందు చిన్నగా లేచింది. అంతలో పసుపు రెయిన్‌కోట్ వేసుకున్న ఆవిడెవరో అడ్డమొచ్చింది, ఇసుగేసింది. ఆవిడ పక్కకి జరిగేసరికి చూడు తల్లీ, తాటిచెట్టంత ఎత్తున లేచింది నిప్పు! పైకి పోయి ముక్కలుముక్కలుగా రాలింది. అంతే, ఇక చెప్పలేను."

అందరూ ఆహా అన్నారు. ఇక చెప్పలేని చోట వీడియో అయిపోతుంది. ఆ రెయిన్‌కోట్ ఆవిడ అడ్డం వచ్చింది నా ఫోన్‌కి.

వంటింట్లోకి వెళ్ళాను. ఆవిడ చింతపండు పులుసు కలుపుతున్నారు. కాళ్ళ మీద పడాలనిపించింది. పడలేదు. "ఎందుకలా చెప్పారు ఆంటీ? మా పరువు కాపాడారు" అన్నాను ఏడుస్తూ.

"మీ పరువుతో నాకేం పనమ్మా, అది మీరు చూసుకోండి" అన్నారు, గొంతు పెంచకుండానే. "చూడ్డానికి తీసుకెళ్తున్నారని ఊరందరికీ చెప్పుకున్నాను. మా వదినకి ఫోన్ చేసి మరీ చెప్పాను. ఇప్పుడు చూడలేదంటే ఏమైనట్టు? వంటకే వెళ్ళినట్టు. ఈ వయసులో అది నేను పడలేను."

పులుసు గిన్నె మీదికి వంగి వాసన చూశారు. చిటికెడు ఉప్పు వేసి కలిపారు. గరిటె కడిగి, బోర్లించి, చేతులు తుడుచుకున్నారు.

"ఈ నెలాఖరుకి ఇంకో మనిషిని చూసుకోండి గిరిజమ్మా. ఆవిడకి మాత్రం, వంటకేనని ముందే చెప్పండి."