వానకు ముందు పిలిచే గొంతు

దెయ్యాలు, గాలి సోకడాలు, ఖాళీ ఇంట్లో ఎవరో తిరుగుతున్నారనడాలు, ఇలాంటి మాటలు ఎవరైనా ఎత్తితే నేను లేచి వంటింట్లోకి వెళ్లిపోయే రకం. భయపడి కాదు, వినబుద్ధి కాక. మా అత్తగారి తరఫు వాళ్లు గుమ్మానికి బూడిద గుమ్మడికాయ కట్టమంటే కడతాను. నమ్మి కాదు, వాళ్ల మాట తీసేయడం ఎందుకని. ఇప్పుడు చెప్పబోయేదాన్ని కూడా నేను దెయ్యం అనను. ఏమనాలో నాకు తెలియదు. జరిగింది జరిగినట్టు చెబుతాను.

మాది తిరుపతి. నేను ఇంటి దగ్గరే జాకెట్లు కుడతాను. మా ఆయన ఒక లాడ్జిలో రిసెప్షన్ చూస్తాడు. నేను పుట్టి పెరిగింది మాత్రం కదిరి పక్కన ఒక పల్లెలో. మా నాయన అక్కడ వేరుశనగ పండించేవాడు. అంటే, విత్తనం వేసి ఆకాశం వైపు చూసేవాడు. ఆయన జీవితంలో సగం అలా చూడటంలోనే గడిచింది. అమ్మ పోయాక ఆయన్ని మా దగ్గరికి తెచ్చుకున్నాం.

ఆయన వచ్చిన ఏడాదే మేము ఈ ఇంట్లోకి మారాం. ఒకే మిద్దె కింద రెండు పోర్షన్లు. మేమొక దాంట్లో ఉంటే, రెండో దాంట్లో ఓనరమ్మ పాత సామాను వేసి తాళం పెట్టుకుంది. ఇంటి పక్కగా బయటి మెట్లు. వెనక చిన్న పెరడు, గుడ్డలుతికే బండ, కాంపౌండు గోడ. గోడను ఆనించి వేసిన రేకుల పంచ. గోడ అవతల ఎవరిదో ఖాళీ స్థలం.

తిరుపతిలో దసరా అయినాక మొదలయ్యే వానలు మా పల్లె వాళ్లకు చెప్పినా నమ్మరు. సముద్రంలో ఒక అల్పపీడనం పోయిందనేలోపు ఇంకొకటి. కొండ కనిపించడం మానేస్తుంది. ఉప్పు డబ్బాలో ఉప్పు నీరవుతుంది, అగ్గిపుల్ల అంటుకోదు, మెట్ల మీద పచ్చగా పాచి పడుతుంది. దోసెల పిండి పులవక, చట్నీతో ఎలాగో నెట్టుకొస్తాం. ఇంట్లో ఈ గోడ నుంచి ఆ గోడకు తాళ్లు కట్టి, ఫ్యాను కింద గుడ్డలారేసుకుని, వాటి మధ్య తలవంచుకుని తిరుగుతాం. వీధిలో అందరూ విసుక్కుంటారు.

మా నాయన విసుక్కోలేదు. ప్లాస్టిక్ కుర్చీ తీసుకుని రేకుల పంచ కింద కూర్చునేవాడు. ఒళ్లో గిన్నెడు బొరుగులు, పక్కన టీ గ్లాసు. రేకుల మీద చప్పుడుకు మనిషి మాట మనిషికి వినపడదు. ఆయనకు ఎలాగూ చెవుడు. చెవి మిషన్ కొనిచ్చినా, గరగరమంటుందని డబ్బాలోనే ఉంచేవాడు. మబ్బు పట్టిన ఆకాశాన్ని చూస్తూ పొద్దంతా అక్కడే.

"ఈ ఊర్లో దేవుడు కొళాయి కట్టేసేది మరిసిపోయినాడమ్మా" అని నవ్వేవాడు.

ఆయన్ని చూసి నాకూ ఆ వానల మీద ఇష్టం కుదిరింది. మిషన్ కిటికీ పక్కకు లాక్కుని కుట్టుకునేదాన్ని. నేనూ, నాయనా, వాన. నిజం చెప్పాలంటే పెళ్లయ్యాక నేను అంత హాయిగా ఉన్న రోజులు తక్కువ.

మొదటిసారి ఆ పిలుపు విన్నది అప్పుడే. వారం ముసురు తర్వాత ఎండ కాసింది. ఇంట్లో ఉన్న తడి గుడ్డలన్నీ మిద్దె మీద ఆరేసి వచ్చి కుట్టుకుంటున్నాను. మధ్యాహ్నం, అన్నం తినే ముందు.

"మిద్దె మింద గుడ్డలుండాయి, తీసుకోండమ్మా. వాన వస్తాండాది."

ఆడమనిషి గొంతు. నాకంటే పెద్దామె అనిపించింది. అరిచినట్టు కాదు, తన పని తాను చేసుకుంటూ పక్కింటి వాళ్లకు చెప్పినట్టు. మెట్ల పై భాగం నుంచి వచ్చింది. బయట చూస్తే ఎండ అలాగే ఉంది. అయినా చెప్పారు కదా అని వెళ్లి తీసుకొచ్చాను. మడత పెడుతుండగానే చీకటి కమ్మి వాన దంచింది.

ఎవరో పుణ్యాత్మురాలు అనుకున్నాను. రెండు మూడు సార్లు అలాగే జరిగాక, కృతజ్ఞత చెప్పాలని ఎదురింటికి వెళ్లాను. ఆ ఇంట్లో భార్యాభర్తలిద్దరూ ఆసుపత్రిలో ఉద్యోగం. పొద్దున తాళం వేస్తే చీకటి పడ్డాకే వస్తారు. ఒక పక్క ఖాళీ స్థలం, ఇంకో పక్క ఓనరమ్మ సామాను. పిలిచేటంత దగ్గరలో పగటిపూట మనిషి లేడు. మిద్దె మీదికి మా మెట్లు తప్ప వేరే దారి లేదు.

ఆ తర్వాత పిలుపు వినగానే కుట్టుపని వదిలేసి పరుగెత్తి చూశాను. మెట్ల మీద ఎవరూ లేరు. మిద్దె మీద గుడ్డలు, గాలి, అంతే. ఒకసారి మబ్బు పడుతున్నప్పుడు ఫోను రికార్డింగులో పెట్టి కిటికీలో ఉంచాను. పిలుపు వచ్చింది, నేను విన్నాను. తర్వాత ఫోనులో వింటే కాకి అరుపు, నా కుర్చీ జరిగిన చప్పుడు, ఆ మీదట వాన. మాట లేదు.

మా ఆయనకు ఒక్కసారి కూడా వినపడలేదు. సెలవు రోజు ఆయన ఇంట్లో ఉండగానే పిలుపు వచ్చింది. నేను లేచాను, ఆయన పేపరు చదువుతూనే ఉన్నాడు. "రోజంతా ఆ మిషన్ చప్పుడులో ఉంటే చెవులు అట్లే అవుతాయిలే" అన్నాడు. నేనూ అదే అనుకుందును. ఎందుకు అనుకోలేకపోయానంటే, మా నాయన.

కుక్కరు కూత పెట్టినా, గ్యాసు బండి వాడు తలుపు బాదినా ఆయనకు వినపడదు. అలాంటి మనిషి ఒకరోజు పంచలో కూర్చున్నవాడు కూర్చున్నట్టే తలెత్తి "ఆఁ, వస్తాండానమ్మా" అన్నాడు. సరిగ్గా నాకు పిలుపు వినపడిన నిమిషంలో. లేచి మెట్లెక్కబోయాడు. నేను ఎదురెళ్లి ఆపాను. చెవి దగ్గర నోరు పెట్టి, "నీకు ఇనపడిందా నాయనా?" అని అడిగాను.

"ఇనపడకేమి" అన్నాడు. అదేం ప్రశ్న అన్నట్టు నన్ను చూశాడు.

ఓనరమ్మ పెళ్లిళ్లకు జాకెట్లు నా దగ్గరే కుట్టించుకునేది. ఒకసారి కొలతలిచ్చేందుకు వచ్చినప్పుడు, ఈ ఇంట్లో ఇంతకుముందు ఎవరుండేవాళ్లు, ఎవరైనా పెద్దామె పోయిందా అని మాటల్లో పెట్టి అడిగాను. ఆమె ముఖం చిట్లించింది.

"సూడు సరోజా, ఈ ఇల్లు మేము కొత్తగా కట్టినాము. అంతకుముందు ఈడ సింతసెట్టు ఒకటుండె, అంతే. మీకంటే ముందు సదువుకునే పిలకాయలుండిరి. పోయినోళ్లు ఎవురూ లేరు. ఎందుకడుగుతాండావు?"

ఏమీ లేదులేమ్మా అన్నాను. మనసులో కొంచెం నిరాశే కలిగింది. ఎవరైనా ఉండి ఉంటే దీనికొక పేరు పెట్టుకునేదాన్ని.

భయం వేయలేదా అని ఇది విన్నవాళ్లంతా అడుగుతారు. వేయలేదు. గుడ్డలు తడుస్తాయి తీసుకోమని చెప్పే మనిషికి ఎందుకు భయపడాలి? ఫోనులో వాతావరణం చూసుకోవడం మానేశాను. ధైర్యంగా ఎండలో ఆరేసి, పిలిచినప్పుడు తీసుకొచ్చేదాన్ని. నా గుడ్డలు పొడిగా ఉండటం చూసి వీధిలో వాళ్లు ఆశ్చర్యపోయేవాళ్లు.

ఇక ఆ రోజు సంగతి.

అప్పటికి చాలా రోజులుగా తెరిపి లేదు. బడులకు సెలవులిచ్చేశారు. గోడ అవతల ఖాళీ స్థలం చెరువయ్యింది, కప్పలు అరుస్తున్నాయి. ఉదయం నుంచి సన్నగా, ఆగకుండా పడుతోంది. మా ఆయన డ్యూటీకి వెళ్లాడు. నాయన పంచలో కూర్చున్నాడు. నేను ఒక పెళ్లికూతురి జాకెట్టుకు హుక్కులు కుడుతున్నాను.

"మిద్దె మింద గుడ్డలుండాయి, తీసుకోండమ్మా. వాన వస్తాండాది."

నాకు నవ్వొచ్చింది. వాన రావడమేమిటి, పొద్దుటి నుంచీ పడుతుంటే? మిద్దె మీద గుడ్డ పేలిక కూడా లేదు. అన్నీ ఇంట్లో తాళ్ల మీదే ఉన్నాయి. మొదటిసారి ఈమె తప్పు చెప్పింది అనుకుని సూదిలో దారం ఎక్కిస్తున్నాను.

మళ్లీ అదే మాట. ఈసారి కొంచెం గట్టిగా.

కిటికీలోంచి చూస్తే నాయన లేచాడు. బొరుగుల గిన్నె కుర్చీలో పెట్టి, తుండుగుడ్డ తల మీద కప్పుకుని, వానలోకి దిగి మెట్ల వైపు నడుస్తున్నాడు. పాచి పట్టిన మెట్లు. ఆయన వయసుకు కాలు జారితే ఇంకేమన్నా ఉందా. గొడుగు తీసుకుని పరుగెత్తాను.

"నాయనా, పైన ఏమీ లేవు. యాడికి పోతాండావు?"

ఆయనకు వినపడలేదు. "గుడ్డలు తీసుకొస్తా ఉండు" అంటూ ఎక్కుతూనే ఉన్నాడు. వెనక నుంచి ఆయన నడుం పట్టుకున్నాను. మనసులో తిట్టుకుంటూనే ఆయనతో పాటు నేనూ పైకి ఎక్కాను.

మిద్దె మీద అడుగు పెట్టామో లేదో, కింద పెద్ద చప్పుడు. ఉరుమనుకున్నాను. మెట్లు కూడా అదిరాయి. పిట్టగోడ మీంచి వంగి చూస్తే వెనక కాంపౌండు గోడ లేదు. మొత్తం మా వైపుకు పడిపోయింది. రేకులు, ఇటుకలు, వాటి మీదుగా ఖాళీ స్థలంలోని ఎర్రనీళ్లు పెరట్లోకి వచ్చేస్తున్నాయి. నాయన కుర్చీ రేకుల కింద నలిగిపోయి, ఒక కాలు మాత్రం బయటికి కనిపిస్తోంది.

తడి మిద్దె మీదే కూర్చుండిపోయాను. నాయన మాత్రం కిందికి చూసి, దండేల వైపు చూసి, "గుడ్డలేవీ లేవే" అన్నాడు. ఆ తర్వాత నా తల మీద ఆయన తుండుగుడ్డ కప్పాడు.

మా ఆయన వచ్చి పెరడంతా తిరిగి చూశాడు. మర్నాటి నుంచి నా చెవుల సంగతి ఎత్తలేదు. ఆ నెల గడిచాక ఓనరమ్మ గోడను కాంక్రీటు వేసి కట్టించింది. పంచను ఇంటి గోడ వైపుకు మార్పించింది. నాయనకు కొత్త కుర్చీ కొన్నాం. మిగిలిన వానలు ఆయన అందులో కూర్చుని చూశాడు. పిలుపు అప్పుడప్పుడూ వస్తూనే ఉండేది, మామూలుగా, గుడ్డల కోసమే.

ఈ ఏడు ఓనరమ్మ రెండో పోర్షను ఖాళీ చేసి అద్దెకిచ్చింది. రేవతి అని, కొత్తగా పెళ్లయిన పిల్ల. మొగుడికి సూళ్లూరుపేట దగ్గర కంపెనీలో పని. పొద్దున్నే బస్సెక్కితే రాత్రికి వస్తాడు. ఆ పిల్లకు నేను ఈ సంగతులేవీ చెప్పలేదు. ఒంటరిగా ఉంటుంది, ఎందుకు బెదరగొట్టడమని.

మొన్న పాకాలలో మా ఆడబిడ్డ కూతురికి సీమంతమైతే ముగ్గురమూ వెళ్లాం. పొద్దున బస్సుకు వెళ్లి సాయంత్రానికి తిరిగొచ్చాం. దారంతా వాన. తాళం తీస్తుంటే రేవతి వచ్చి, మడత పెట్టిన మా గుడ్డలు నా చేతికిచ్చింది. వెళ్లే తొందరలో నేను మిద్దె మీద మర్చిపోయినవి.

"మీరు పిలవకుంటే మీవీ మావీ అన్నీ తడిసిపోయుండునక్కా" అంది.

"నేను పిలిచినానా?"

"మిద్దె మింద నుంచి అంటిరి గదక్కా, గుడ్డలు తీసుకోమ్మా రేవతీ, వాన వస్తాండాది అని. నేను పైకొచ్చే లోపల మీరు దిగేసి పోయినారు."

మా ఆయన నా వైపు చూశాడు. నేను రేవతిని అడిగాను. "గొంతు నాదేనా? సరిగ్గా విన్నావా?"

"మీ గొంతు నాకు తెలీదా అక్కా?" అంది నవ్వుతూ.

ఊఁ అన్నాను. మేము ఊళ్లో లేని సంగతి ఆ పిల్లకు తెలియనట్టుంది. పొద్దున్నే వెళ్లిపోయాం కదా.

లోపలికొచ్చి నాయన చెవికి మిషన్ నేనే పెట్టాను. ఇన్నేళ్లుగా అడగనిది అప్పుడు అడిగాను, వానకు ముందు పిలిచేది ఎవరి గొంతని. ఆయన నన్ను వింతగా చూశాడు.

"నీ గొంతే గదమ్మా. నువ్వు గాక నన్నెవురు పిలుస్తారు?"

గోడ పడిన రోజు కూడానా అని అడిగాను. ఆ రోజు కూడా నేనేనట. రెండుసార్లు పిలిచానట.

ఆ రోజు నేను కిటికీ పక్కన కూర్చుని సూదిలో దారం ఎక్కిస్తున్నాను. నోరు తెరవలేదు. ఆ మాట ఎవరి మీద ఒట్టేసి చెప్పమన్నా చెబుతాను. పైగా నాకు వినపడే గొంతు నాది కాదు. నాకంటే పెద్దామెది, నెమ్మదైన గొంతు. మా అమ్మది కూడా కాదు. ఎన్నోసార్లు ఆలోచించాను, నాకు తెలిసిన వాళ్లెవరిదీ కాదు. ఎవరిదో, ఇద్దరికి నా గొంతులాగా ఎందుకు వినపడిందో, నాకు మాత్రం అలా ఎందుకు వినపడలేదో నాకు అర్థం కాలేదు. అవుతుందని కూడా అనుకోవడం లేదు.