సూది మందు, మా అత్త

మా అత్త పోయిందని శనివారం పొద్దున ఆదోని నుంచి ఆడబిడ్డ ఫోన్ చేసింది. కూతురిని చూసి వస్తానని వెళ్లిన మనిషి, టీ తాగి గోడకు ఆనుకుని కూర్చున్నచోటే ఒరిగిపోయిందట. ఎమ్మిగనూరులో మా మగ్గం ఆ రోజు ఆగింది. వీధిలోవాళ్లు ఆమె నేసిన చీరల గురించి మాట్లాడుకున్నారు. నాకు మాత్రం నా కూతురు కడుపులో ఉన్న నెలలే గుర్తుకొచ్చాయి.

పెళ్లయిన కొన్నాళ్లకే నాకు షుగర్ బయటపడింది. మాత్రలు వాడుతుండగానే నెల తప్పాను. ఆదోనిలో డాక్టరమ్మ మాత్రలు మార్చి ఇన్సులిన్ రాసింది. ఇంటికి రాగానే ఇరుగుపొరుగు చేరారు. సూది మందు బిడ్డకు తగులుతుందని ఒకరు, అన్నీ ఆపేయమని ఇంకొకరు. మా ఆయన ఏదీ తేల్చుకోలేకపోయాడు.

అత్త ఎవరితోనూ వాదించలేదు. "రేపు ఇద్దరం పోదాం పా. ఆయమ్మనే అడుగుదాం," అంది.

మర్నాడు డాక్టరమ్మను సూటిగా అడిగింది. "అమ్మా, ఈ మందు బిడ్డకు ఏమన్నా సేస్తాదా?"

"ఇన్సులిన్ కడుపులోని మాయ దాటి బిడ్డ దాకా దాదాపు పోదు. తల్లి రక్తంలోని చక్కెర మాత్రం బిడ్డకు పోతుంది. మొదటి నెలల్లోనే బిడ్డకు గుండె, వెన్నెముక ఏర్పడతాయి. అప్పుడు షుగర్ ఎక్కువుంటే వాటికి ప్రమాదం. తర్వాత బిడ్డ మరీ లావైతే కాన్పు కష్టం. మాత్రలైనా సూదైనా, మీ అంతట మీరు ఆపొద్దు," అని ఆమె ఓపిగ్గా చెప్పింది.

ఇద్దరం తిరుగు బస్సు ఎక్కాం. అత్త కిటికీలోంచి బయటికి చూస్తూ అంది. "నా మొదటి బిడ్డ శానా పెద్దగా పుట్టినాడు. అందరూ సంతోషపడినారు. పొద్దుగూకేలోపల పోయినాడు. నాకు షుగర్ ఉండెనో లేదో సూసినోళ్లే లేరు. ఎందుకు పోయినాడో నాకిప్పటికీ తెలీదు. నీకు తెలుసుకునే దారుంది మ్మా."

మా ఆయనకు ఒక అన్న పుట్టి పోయాడని నాకు అప్పుడే తెలిసింది.

నర్సు దగ్గర సూది వేయడం అత్తే నేర్చుకుంది. "నొప్పైతే సెప్పు, ఊరికే ఓర్సుకోవద్దు," అనేది. సూది పడ్డాక అన్నం ఆలస్యం కానిచ్చేది కాదు. ఒక మధ్యాహ్నం షుగర్ పడిపోయి నాకు చెమటలు పట్టి కళ్లు తిరిగితే, కంగారుపడకుండా చక్కెర నీళ్లు తాగించి, డాక్టరమ్మకు ఫోన్ చేయించింది. స్కానింగ్‌లో బిడ్డ గుండె బాగుందన్నప్పుడు, "ఇంకోసారి సెప్పమ్మా," అని అడిగి మరీ విన్నది.

ఆదోనిలోనే కాన్పయింది. బిడ్డ మడమ మీద గుచ్చి చక్కెర చూసి, బాగుందన్నారు.

ఆ సాయంత్రం పెద్దకడబూరు నుంచి వచ్చిన ఒక గర్భిణి, నా మంచం ఎదురుగా బల్ల మీద కూర్చుని, ఇన్సులిన్ సూది వద్దంటూ ఏడుస్తోంది. అత్త బిడ్డను ఎత్తుకుని వెళ్లి ఆమె పక్కన కూర్చుంది.

"నా కోడలు దినామూ ఏసుకునింది. ఇదిగో, సూడు," అంటూ గుడ్డ పక్కకు తీసింది.

ఆ అమ్మాయి కళ్లు తుడుచుకుని, ఒక్క వేలితో మెల్లగా బిడ్డ అరికాలు తాకింది. బిడ్డ కాలు ముడుచుకుని, మళ్లీ ఆమె వేలి వైపే చాపింది.