ఓడ అడుగున యోసేపు

ఆలూరు యోసేపు తమ ఊరి పటేలు ఇంట్లో వెట్టి చేయలేక 1937లో బొంబాయి పారిపోయాడు. అక్కడి రేవులో ఇంగ్లీషు ఓడలకు మనుషుల్ని కుదిర్చే సారంగు అతని భుజాలు తడిమి, "లోకమంతా తిరుగుతావు" అన్నాడు.

సారంగు అబద్ధమాడలేదు. యోసేపు లోకమంతా తిరిగాడు, ఓడ అడుగున కొలిమిలోకి బొగ్గు ఎగదోస్తూ. తెల్ల నావికులకు పైన గాలి తగిలే గదులుండేవి. నల్లవాళ్లకు ఉక్క అలవాటేనని కంపెనీవారు దయతలచి కిందే పడుకోబెట్టారు. జీతంలోనూ అదే దయ.

యుద్ధం మొదలయ్యాక ఒక మధ్యాహ్నం జర్మన్ల టార్పెడో తగిలి ఓడ మునిగింది. నిచ్చెన పక్కనే ఉన్నందువల్ల యోసేపు బతికాడు. అతనితో పార పట్టినవాళ్లు పైకి రాలేదు. చిన్న పడవలో ఆకలితో, దప్పికతో తేలుతూ, అన్నేళ్లలో మొదటిసారి అతను సముద్రాన్ని తీరిగ్గా చూశాడు.

వేరే ఓడ వచ్చి కాపాడింది. మునిగిన రోజుతోనే ఉద్యోగమూ జీతమూ ముగిశాయని కంపెనీవారు చెప్పారు. ఆ తర్వాత పడవలో తేలడం అతని సొంత పనట.

ఇల్లు చేరాక భార్య కరుణమ్మ అడిగింది: "ఇంగ్లీషోళ్ల సీమ ఎట్లుంటది?"

"ఉడుకుంటది."

"మంచు పడ్తదని పాస్టరయ్య చెప్పిండు గద."

"ఆయన ఓడ పైన నిలబడ్డోళ్ల ముచ్చట చెప్పిండు."

ఓడ మనిషి వచ్చాడన్న కబురు మొయినాబాద్‌లో ఇంజనీరు రామలింగం చెవిన పడింది. ఆయనకు హిమాయత్‌సాగర్‌లో పడవ షికారంటే సరదా. యోసేపును పిలిపించాడు.

"పడవ నడపనీకె వస్తదా?"

"రాదు దొరా. ఈత గూడ రాదు."

ఇంజనీరు దాన్ని వినయం అనుకున్నాడు. మొదటి రోజు పడవ ఉన్నచోటే గుండ్రంగా తిరిగి బురదలో దిగబడింది. దొరగారు మోకాళ్ల లోతు నీళ్లలో బూట్లతో ఒడ్డుకు నడిచారు. అయినా యోసేపును తీసేయలేదు. లండన్ నావికుణ్ని పెట్టుకున్నానని అప్పటికే ఊరంతా చెప్పుకున్నాడు మరి. యోసేపు చేపలు పట్టేవాళ్లను బతిమాలి తెడ్డు వేయడం నేర్చుకున్నాడు.

ఒకసారి పడవెక్కిన ఇంజనీరుగారి చుట్టాలు సముద్రం కథలు చెప్పమన్నారు. ఓడ అడుగున మిగిలిపోయినవాళ్ల గురించి యోసేపు మొదలుపెట్టాడు. వాళ్లలో ఒకామె మధ్యలోనే, "తిమింగలాలు కనబడ్డయా?" అని అడిగింది.

యోసేపు తెడ్డు వేస్తూనే చెప్పాడు:

"కనబడ్డయి అమ్మా. మస్తు పెద్దగున్నయి."

అందరూ సంతోషించారు. ఆ తర్వాత ఎవరడిగినా అతను తిమింగలాల గురించే చెప్పేవాడు.