ఇంకోసారి గారు

ఏ ప్రశ్ననైనా ఒక్కసారి అడిగి వదిలేయడం ఆయన ఒంట్లో లేదు. అడుగుతాడు, చేతి గడియారం విప్పి బల్ల మీద పెడతాడు, నిండా ఒక నిమిషం ఆగుతాడు. తర్వాత "ఇంకోసారి అడుగుతున్నాను" అంటాడు. మళ్లీ నిమిషం. అందుకే కమిటీలో అందరూ ఆయన్ని చాటుగా "ఇంకోసారి గారు" అనేవాళ్లు. కొన్నాళ్లకు చాటు కూడా మానేశారు.

ఆ కమిటీ పని బ్యాటరీ వీల్‌చెయిర్లన్నిటికీ ఒకే రకం ఛార్జింగ్ ప్లగ్గు ఖాయం చేయడం. ఏ కంపెనీ కుర్చీ అయినా ఏ గోడ దగ్గరైనా ఛార్జి కావాలి. బొమ్మ గీసి, కొలతలు రాసి, ఓటు వేస్తే అదే ప్రమాణం. అయితే ప్రతి మీటింగు మొదట్లో అధ్యక్షుడు ఒక ప్రశ్న అడగాలని రూలు: "ఈ బొమ్మలో ఉన్నదేనికైనా మీకు గానీ, మీ కంపెనీకి గానీ పేటెంటు ఉందా? దరఖాస్తు పెట్టారా?" ఉందంటే, అందరికీ ఒకే రకం న్యాయమైన షరతులతో వాడుకోనిస్తామని ఆ కంపెనీ రాసివ్వాలి. లేదా కమిటీ ఇంకో బొమ్మ గీసుకుంటుంది. పక్క కమిటీల్లో ఈ ప్రశ్నను ఆవులింత పూర్తయ్యేలోపు చదివేస్తారు. ఇక్కడ అధ్యక్షుడు ఇంకోసారి గారు.

ఆయనకు మీటింగు, ఇల్లు అన్న తేడా లేదు. క్యాంటీన్లో ఖాళీ కుర్చీ కనబడితే చుట్టూ చూసి, "దీని మీద ఎవరికైనా హక్కు ఉందా?" అని అడిగి నిలబడేవాడు. రెండోసారి అడిగేలోపు ఎవరో వచ్చి కూర్చునేవాళ్లు. ఆయన నిలబడే టీ తాగేవాడు.

అల్లుణ్ణీ వదల్లేదట. ఆ కథ ఆయనే చెప్పేవాడు.

"మా అమ్మాయిని చూడ్డానికొచ్చినప్పుడు అడిగాను. బాబూ, మేం తెలుసుకోవాల్సింది ఏమైనా ఉందా అని. లేదండీ అన్నాడు. ఇంకోసారి అడిగాను. లేదండీ అన్నాడు. మూడోసారికి, 'గురక పెడతానండీ' అన్నాడు."

"అప్పుడేం చేశారు సార్?"

"ఏముంది, పెళ్లి చేశాం. వాళ్ల పక్కింటివాళ్లు ముందే చెప్పారు. గోడకి ఇవతల కూడా వినబడుతుందట."

అందరూ పగలబడి నవ్వేవాళ్లు. ఇంజనీరు ఒక్కడే కాస్త ఆలస్యంగా నవ్వేవాడు.

ఈ ఇంజనీరు ఓ మోస్తరు పెద్ద కంపెనీ తరఫున వచ్చేవాడు. ప్లగ్గు జారిపోకుండా పట్టుకునే చిన్న గొళ్లెం ఒకటి ఆ బొమ్మలో ఉంది. ఆ గొళ్లెం అతను కనిపెట్టిందే. దాని మీద పేటెంటు దరఖాస్తు ఉంది, అందులో అతని పేరే ఉంది. మొదటి మీటింగుకు వచ్చేముందు మేనేజరు ఫోన్ చేశాడు.

"నువ్వు నోరెత్తకు. ఓటు పడనీ. అందరూ ఈ ప్లగ్గుకి అచ్చులు చేయించుకున్నాక మనం నోరెత్తుదాం. అప్పుడెక్కడికి పోతారు?"

"అడుగుతారు సార్."

"అడిగితే నేల చూడు."

నేల చూశాడు. గడియారం టిక్కుటిక్కుమంటుంటే చెవులు రెండూ వేడెక్కాయి. పక్కన కూర్చున్నావిడ, "వేడిగా ఉందా బాబూ?" అని ఫైలుతో విసిరింది. ఆవిడది నలుగురు పనివాళ్ల చిన్న వర్క్‌షాపు. పాత వీల్‌చెయిర్లు బాగుచేస్తుంది, కొత్తవి నెలకు పదో పన్నెండో చేస్తుంది. ఎప్పుడూ చేతిలో పిప్పరమెంటు బిళ్లల డబ్బా. ఆవిడ విసిరేకొద్దీ ఇంజనీరుకు ఇంకాస్త చెమట పట్టింది.

రెండో మీటింగులో ఆవిడే లేచింది. "మా బోటివాళ్లకు ఇదంతా భయమండీ. రేపెవరో వచ్చి ఈ ముక్క మాది, ఆపండి అంటే మా వర్క్‌షాపు మూతపడుతుంది. కంపెనీలు తమ దగ్గరున్నవన్నీ వెతికి మరీ చెప్పాలని రూలు రాసుకుందాం."

మేనేజరు దీనికీ ముందే మందు చెప్పి పంపాడు. ఇంజనీరు లేచి గొంతు సవరించుకున్నాడు. "పెద్ద కంపెనీల్లో వేల కాగితాలుంటాయండీ. మీటింగుకొచ్చిన మనిషికి స్వయంగా తెలిసినంతవరకు చెబితే చాలు. తెలియనిదానికి మనిషి ఏం చేస్తాడు?"

రెండు గంటలు వాదించాడు. తను అంత బాగా మాట్లాడగలడని తనకే తెలియదు. సొంత బిడ్డను ఎత్తుకుని, ఈ ఊళ్లో పిల్లలెవరో నాకెలా తెలుస్తుందండీ అన్నట్టుంది ఆ వాదన. చివరికి నెగ్గాడు. ఇంకోసారి గారు ఒక్క ముక్క అడ్డు చెప్పలేదు. చేతిలో మడతపెట్టిన కాగితాన్ని ఇంకా చిన్నగా మడుస్తూ విన్నాడంతే.

"అదీ న్యాయమేలెండి. పాపం, మీకు మాత్రం ఎలా తెలుస్తుంది?" అని వర్క్‌షాపావిడ పిప్పరమెంటు ఇచ్చింది. అది గొంతు దిగడానికి సాయంత్రమైంది.

ఇక ఓటు అనగానే ఇంకోసారి గారు బల్లను అటూ ఇటూ ఊపాడు. "ఇది ఊగుతోంది. ఊగే బల్ల మీద ఓటు వేయించడం నాకిష్టం లేదు." చేతిలో కాగితాన్ని వంగి బల్లకాలి కింద దోపి, ఓటు వాయిదా వేశాడు. మూడో మీటింగులో ఏడో పేజీలో అంకెలు చిన్నగా ఉన్నాయని వాయిదా. "ఈయన పోతేగానీ ప్లగ్గు రాదు" అని వెనక వరసలో ఎవరో అన్నారు. ఇంజనీరుకు మాత్రం ప్రతి వాయిదాకూ ప్రాణం లేచొచ్చేది, ఇంటికెళ్లేలోపు మళ్లీ పడిపోయేది. భోజనం దగ్గర భార్య "కూర ఇంకోసారి వడ్డించనా?" అంటే గరిటె వంక దొంగలా చూసేవాడు.

నాలుగో మీటింగు. వర్క్‌షాపావిడ మొహం వెలిగిపోతోంది. "ఇవాళ ఓటు పడితే వెళ్తూనే కొత్త అచ్చులకు ఆర్డరిచ్చేస్తాను బాబూ. పాతవి అమ్మేశాను కూడా."

ఇంకోసారి గారు అడిగాడు. గడియారం పెట్టాడు. నిమిషం గడిచింది. ఆయన నోరు తెరిచేలోపు హాలంతా ఒక్క గొంతుతో అరిచింది: "ఇంకోసారి అడుగుతున్నాను!"

నవ్వులు. ఆయనా నవ్వాడు. ఇంజనీరు చెయ్యి దానంతటదే పైకి లేచింది. లేచాక చూసుకున్నాడు, తనదే.

"ఉందండీ."

"ఎవరికి?"

"నాకే. గొళ్లెం మాది."

నవ్వు తెగిపోయింది. ఆవిడ డబ్బా మూత టప్పున మూసింది.

"తెలిసినంతవరకు అన్నారుగా. ఎంతవరకు తెలుసు?" అంది.

"మొత్తం తెలుసండీ. నేనే గీశాను."

ఎవరైనా తిడితే బాగుండనిపించింది. ఎవరూ తిట్టలేదు. ఇంకోసారి గారు తాపీగా మీటింగు మినిట్సు రాస్తూ పైకి చదివాడు: "సభ్యులు అడగ్గానే తమంతట తామే తెలియజేశారు. కంపెనీ రాసిస్తుందో లేదో రెండు వారాల్లో చెప్పాలి. ఓటు వాయిదా."

"అడగ్గానేనా?" అంది ఆవిడ. "నాలుగు మీటింగుల్లో ఎనిమిదిసార్లు అడిగారు!"

"మినిట్సులో ఒక్కసారే రాస్తానమ్మా. లేకపోతే పేజీలు నిండిపోవూ?"

హాలు దాదాపు ఖాళీ అయింది. ఇంజనీరుకు లేచి వెళ్లడానికి మొహం చెల్లలేదు. పెన్ను మూత కింద పడితే తీయడానికి వంగాడు. బల్లకాలి కింద కాగితం అంచు కనబడింది. అంచు మీద సగం గొళ్లెం.

లాగి విప్పాడు. గెజిట్లో అచ్చయిన అతని పేటెంటు దరఖాస్తు, మొదటి పేజీ. కనిపెట్టినవాడి పేరు దగ్గర పెన్సిలు గీత. మూలన ప్రింటు తీసిన తేదీ ఉంది. రెండో మీటింగుకు ముందురోజు.

అంటే ఆ రెండు గంటల వాదన ఈయన దీన్ని చేతిలో పెట్టుకుని విన్నాడు. ఇంజనీరుకు తల కొట్టేసినట్టయింది. బల్ల కిందే ఉండిపోతే బాగుండనుకున్నాడు.

"అక్కడ దుమ్ముంటుంది, పైకి రండి" అన్నాడు ఇంకోసారి గారు గడియారం కట్టుకుంటూ.

"తెలిసీ ఎందుకు సార్ అడగడం? అప్పుడే బయటపెట్టాల్సింది."

"మా అల్లుడి గురక కూడా నేను బయటపెట్టలేదు బాబూ. పెట్టుంటే ఈపాటికి మా ఇంటికొచ్చేవాడా?"

"ఇవాళ కూడా చెప్పకపోయుంటే?"

"ఓటు జరిగేది కాదు. వాయిదాలకి నా దగ్గర ఇంకా పేజీల మార్జిన్లున్నాయి, కిటికీ తెర రంగుంది, గోడ గడియారం రెండు నిమిషాలు వెనకుంది. ఏడాదికి సరిపడా పెట్టుకున్నాను." కాగితం వంక చూశాడు. "అది మీదే, ఉంచుకోండి. బల్లకి ఇంకేదన్నా చూడాలి."

సంగతి మినిట్సుకెక్కాక మేనేజరు చేయగలిగింది లేదు. గొళ్లెం పూర్తిగా పోవడం కన్నా నయమని కంపెనీ రాసిచ్చింది. అందరికీ ఒకే షరతులు, నెలకు పది కుర్చీలు చేసేవాళ్లకైనా సరే. ఇంజనీరుకు మాత్రం సంజాయిషీ అడుగుతూ మెమో వచ్చింది.

ఐదో మీటింగుకు అతను అందరికన్నా ముందొచ్చి, ఆ మెమోను నాలుగు మడతలు పెట్టి బల్లకాలి కింద దోపాడు. బల్ల ఊగలేదు. ఓటు పడింది.

వర్క్‌షాపావిడ తన పాత కుర్చీలోనే, అతని పక్కనే కూర్చుంది. ఆ పూటంతా మాట్లాడలేదు. చివర్లో డబ్బా తెరిచి అతని ముందుకు తోసింది. అతను నేల చూస్తూ, "వద్దండీ" అన్నాడు.

ఆవిడ చేతి గడియారం విప్పి బల్ల మీద పెట్టింది.

"ఇంకోసారి అడుగుతున్నాను."

ఈసారి అతను నిమిషం ఆగలేదు.