కిటికీలో చెయ్యి కనబడేదాకా

బస్సు మామ పోయారని మా అమ్మాయి ఫోన్ చేసి చెప్పింది. రాయచోటి దగ్గర సొంత ఊళ్లో, మధ్యాహ్నం నమాజుకు సిద్ధమవుతూ కూలిపోయారట. నలభై దాటిన మనిషి, చిన్నపిల్లలా ఏడ్చింది. సాయంత్రానికల్లా దమ్మామ్ పాతవాళ్ల వాట్సాప్ గ్రూపులో, అప్పటి తల్లిదండ్రుల సంఘం అధ్యక్షుడు "మన పిల్లల రక్షకుడు" అని రాసి పూలదండ బొమ్మ పెట్టాడు. కింద ముప్పై నమస్కారాలు. ఆ రక్షకుణ్ణి బస్సులోంచి దింపినవాళ్లం మేమే కనుక ఇది రాయక తప్పడం లేదు.

సౌదీలో, దమ్మామ్‌లో మావాళ్ల పిల్లలు చదివిన బడికి ఆయన బస్సు నడిపేవారు. పిల్లను ఇంటిముందు దింపితే ఆయన పని అయిపోయినట్టు కాదు. పిల్ల మెట్లెక్కి, ఇంట్లోకి వెళ్లి, వీధివైపు కిటికీలోంచి చెయ్యి ఊపాలి. అది చూశాకే హెడ్‌లైట్లు రెండుసార్లు వెలిగించి బండి కదిలించేవారు. చివర దిగే పిల్లల తల్లులు ఆలస్యమవుతోందని సణిగితే ఆయన, "ఇల్లు చేరినట్టు బిడ్డ చెయ్యి చెప్పాల, నోరు గాదమ్మా" అనేవారు.

గల్ఫ్ యుద్ధం వచ్చినప్పుడు విషవాయువు క్షిపణుల భయానికి అందరం కిటికీలకు ప్లాస్టిక్ కప్పి టేపు అంటించాం. బడి మూశారు. మళ్లీ తెరిచిన మొదటిరోజే ఆయన మూడంతస్తులెక్కి మా తలుపు తట్టారు.

"సార్, పాప చెయ్యి కనపడల్యా. ఆ ప్లాస్టిక్ పీకేయండి, యుద్ధం అయిపాయ గదా."

"మళ్లీ మొదలైతే?"

"మళ్లీ అంటిద్దాంలే సార్. నేనే వచ్చి అంటిస్తా."

ఆయనే పీకారు. మా ఆవిడ టీ ఇస్తే, గాజుమీద మిగిలిన జిగురు గోటితో గీకుతూ తాగారు.

కిటికీలు తెరుచుకున్నాయి గాని మా భయం పోలేదు. బడి భవనం యజమాని తన కాపలా మనిషిని తుపాకీతో గేటు దగ్గర నిలబెడతానన్నాడు. సంఘం సమావేశమైంది. "ఆయుధం కంటికి కనబడితేనే సేఫ్టీ అండీ, ప్రపంచమంతా అంతే" అన్నాడు అధ్యక్షుడు. ఆయనకు తెలిసిన ప్రపంచం నేను చదివి ఇచ్చిన రెండు పత్రికల్లోది. నేను చాలా చదివేవాణ్ణి. చదివినవాడి భయానికి వాదనలు తొందరగా దొరుకుతాయి.

వెనక గోడ దగ్గర నిలబడ్డ బస్సు మామ గొంతు సవరించుకున్నారు.

"తుపాకి మనకు కాపలా కాయదు సార్. పొద్దస్తమానం దానికే మనం కాపలా కాయాల. పిల్లోళ్లుండే తావున అది వద్దు."

"నువ్వు బండి సంగతి చూసుకోవయ్యా" అని కసిరాడు అధ్యక్షుడు.

"బండిలో ఉండేది మీ బిడ్డలే గదా సార్."

కొందరు నవ్వారు. ఒప్పుకునేవాళ్లు చేతులెత్తమన్నాడు అధ్యక్షుడు. నేనూ ఎత్తాను. ఒక్కతే కూతురు, పరాయి దేశం, మొన్నమొన్నటిదాకా సైరన్లు. ఏ తండ్రి ఎత్తడు అనుకున్నాను.

తుపాకీ ముందు పిల్లల్ని దించనని, సందు చివర బస్సు ఆపి బడి వెనక తలుపు నుంచి తనే నడిపించుకు వెళతానని ఆయన చెప్పారు. మాట వినడని వారం తిరక్కుండా తీసేశాం. జెద్దా వెళ్లి యాత్రికుల బస్సు నడుపుకుంటున్నారని తరవాతెప్పుడో విన్నాను.

ఆ తుపాకీ ఎప్పుడూ పేలలేదు. అధ్యక్షుడు ఈనాటికీ గొప్పగా చెప్పుకునేది అదే. కాపలావాడూ చెడ్డవాడు కాడు. పిల్లల్ని నవ్వించడానికి రోజూ చేతులు పైకెత్తించి, అరబ్బీలో పదండన్నట్టు "యల్లా" అని లోపలికి పంపేవాడు. ఒక సాయంత్రం తలుపు తీస్తే మా అమ్మాయి, ఏడేళ్లది, రెండు చేతులూ ఎత్తి గుమ్మంలో నిలబడి ఉంది. రమ్మంటే రాలేదు.

"నువ్వు ‘యల్లా’ అనలేదుగా నాన్నా" అంది.

మర్నాడు సంఘానికి ఉత్తరం రాశాను. ఒక్క నిమిషంలో చేతులెత్తి తెచ్చుకున్న తుపాకీని గేటు దగ్గరనుంచి పంపించడానికి ఏడాది పట్టింది.

ఇప్పుడు మా ఆవిడ లేదు. దమ్మామ్‌లో ఆ వీధి గుర్తుపట్టలేనంత మారిపోయిందట. అయినా మధ్యాహ్నంపూట బయట ఏ బస్సు ఆగినా నా కాళ్లు కిటికీ వైపు నడుస్తాయి.

ఆయన మా బస్సు నడిపిన చివరిరోజు నేను జ్వరంతో ఇంట్లోనే ఉన్నాను. అమ్మాయి పరుగున వచ్చి, కిటికీలోంచి చెయ్యి ఊపి, అన్నానికి వెళ్లిపోయింది. బస్సు మాత్రం కదల్లేదు. లేచి పరదా పక్కనుంచి చూశాను. ఆయన తల బయటికి పెట్టి మా కిటికీ వైపే చూస్తున్నారు. నన్ను చూశారు. సమావేశంలో అంత సులువుగా లేచిన నా చెయ్యి పరదా అంచు పట్టుకుని ఉండిపోయింది.

ఆయన కాసేపు ఆగారు. తరవాత లైట్లు రెండుసార్లు వెలిగించారు. అంత ఎండలో ఆ వెలుగు సరిగా కనబడలేదు.